ఇంటర్ తర్వాత కమర్షియల్ పైలట్ అవ్వాలంటే: ఏది ముందు, ఏది తర్వాత

ఏటా ఇంటర్ ఫలితాలు రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "మావాడు పైలట్ అవుతానంటున్నాడండీ, ఏ అకాడమీలో చేర్పించమంటారు?" అని. అకాడమీ సంగతి తర్వాత చూద్దాం, మెడికల్ అయిందా అని అడుగుతాను. అవతల కాసేపు మాట ఉండదు. చాలాసార్లు అప్పటికే అడ్వాన్స్ కట్టేసి ఉంటారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, యూనిఫాం కొలతలు కూడా ఇచ్చేసి వచ్చినవాళ్లను చూశాను.

ఈ దారిలో చేయాల్సిన పనులు అందరికీ ఒకటే. అవే పరీక్షలు, విమానంలో ఎగరాల్సిన అవే 200 గంటలు. కానీ వరస తప్పితే అదే లైసెన్స్‌కి లక్షలు ఎక్కువవుతాయి, ఒకటి రెండేళ్లు ఊరికే పోతాయి. ఆ తప్పుల్లో కొన్ని నేనూ చేశాను. అందుకే మన దేశంలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే కమర్షియల్ పైలట్ లైసెన్స్, అంటే అందరూ సీపీఎల్ అనేది, ఏ వరసలో తెచ్చుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు మీ మెమోలు బయటికి తీయండి

సీపీఎల్‌కి ఇంటర్ పాసై ఉండాలి, అందులో ఫిజిక్స్, మ్యాథ్స్ రెండూ ఉండాలి. ఇంతకాలంగా ఉన్న రూల్ ఇది. దీన్ని సడలించాలన్న ఆలోచన డీజీసీఏలో నడుస్తోంది కాబట్టి చేరే రోజుకి రూల్ ఏముందో వాళ్ల వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి. ఎంపీసీ వాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. బైపీసీ వాళ్లు మ్యాథ్స్ ఒక్కటి, సీఈసీ వాళ్లు రెండు సబ్జెక్టులూ ఎన్ఐఓఎస్ ఓపెన్ స్కూల్లో రాసుకోవచ్చు. డిగ్రీ అయ్యాక ఇటు తిరిగినవాళ్లు చాలామంది ఈ పద్ధతిలోనే వచ్చారు. అదేమీ చిన్నతనం కాదు. ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూలో దాని గురించి ఎవరూ ఎత్తిపొడవరు.

వయసు: స్టూడెంట్ పైలట్ లైసెన్స్‌కి 16 ఏళ్లు, సీపీఎల్ చేతికి రావాలంటే 18 ఏళ్లు నిండాలి.

అసలు తలనొప్పి మన పేర్లతో వస్తుంది. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో వెనక్కి పోతుంది. డీజీసీఏ పరీక్షల రిజిస్ట్రేషన్, మెడికల్ ఫైలు, లైసెన్స్ అన్నిచోట్లా పేరూ పుట్టిన తేదీ అచ్చు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు తిరిగొస్తుంది. అన్నీ కలుస్తున్నాయో లేదో చూసుకుని, కలవకపోతే ఈ నెలలోనే సరిచేయించండి. దాంతోపాటు ఇంటర్ బోర్డు నుంచి మీ మార్కుల మెమో వెరిఫికేషన్ కూడా తెప్పించుకోవాలి. ఆ ఆఫీసు చుట్టూ తిరగడానికి పట్టే టైమ్ ఎవరి చేతుల్లోనూ ఉండదు, అందుకే దాన్ని అన్నిటికంటే ముందు మొదలుపెట్టండి.

2. తర్వాత మెడికల్. ఎవరికీ రూపాయి కట్టకముందే

ఇందులో రెండు మెట్లున్నాయి. మొదటిది క్లాస్ 2. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల జాబితా ఉంటుంది, పెద్ద నగరాలన్నిటిలో ఉన్నారు. రక్తం, మూత్రం, ఈసీజీ, చెవి, కన్ను లాంటి పరీక్షలు. కొన్ని వేల రూపాయల్లో తేలిపోతుంది. దీంతో విమానం నేర్చుకోవడం మొదలుపెట్టొచ్చు. కానీ సీపీఎల్ ఇవ్వడానికి కావాల్సింది రెండోదైన క్లాస్ 1. దీన్ని మొదటిసారి చేయించుకునేటప్పుడు ఢిల్లీలోని ఏఎఫ్‌సీఎంఈ, బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ లాంటి ఎయిర్‌ఫోర్స్ కేంద్రాలకో, డీజీసీఏ ఆమోదించిన సెంటర్లకో వెళ్లాలి. అపాయింట్‌మెంట్‌కే వారాలూ నెలలూ పడుతుంది.

అకాడమీల వాళ్లు "క్లాస్ 2 అయింది కదా, చేరిపోండి, క్లాస్ 1 మెల్లగా చేయించుకోవచ్చు" అంటారు. వాళ్లకు పోయేదేముంది? మీరు 40 గంటలు ఎగిరాక క్లాస్ 1లో రంగుల గుర్తింపు దగ్గర ఆగిపోతే, ఆ డబ్బు తిరిగి ఎవరిస్తారు? నా మాట వినండి. క్లాస్ 1 కాగితం చేతికొచ్చాకే పెద్ద మొత్తాలు కట్టండి.

కళ్లద్దాలుంటే పైలట్ కాలేరన్నది పాత పుకారు. అద్దాలతో చూపు సరిగ్గా వస్తే, పవర్ వాళ్లు పెట్టిన హద్దుల్లో ఉంటే చాలు. లేజర్ ఆపరేషన్ మాత్రం తొందరపడి చేయించుకోకండి. దానికి వయసు, ఆపరేషన్ తర్వాత ఆగాల్సిన గడువు లాంటి షరతులున్నాయి. ముందు ఏవియేషన్ మెడికల్ ఎగ్జామినర్‌ని అడిగి, అప్పుడు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రంగుల గుర్తింపు వేరే సంగతి. రంగు చుక్కల మధ్య అంకె దాచి ఉన్న ఇషిహారా బొమ్మలు చూపిస్తారు. అంకె కనిపించనివాళ్లకు తమకా లోపం ఉందని అప్పటిదాకా తెలిసే ఉండదు. మీ ఊళ్లో కంటి డాక్టర్ దగ్గర వంద రెండొందలతో ఈ ఒక్క పరీక్ష ఈ వారమే చేయించుకోవచ్చు. అక్కడ తేడా వస్తే మిగతా ఖర్చంతా తప్పినట్టే.

మొదటిసారి వెళ్లినప్పుడు బరువు ఎక్కువనో, బీపీ ఎక్కువనో "టెంపరరీ అన్‌ఫిట్" రాస్తే బెంబేలెత్తకండి. ఇచ్చిన గడువులో తగ్గించుకుని మళ్లీ వెళ్లి ఫిట్ అయినవాళ్లు బోలెడంతమంది. ఆ రోజు టెన్షన్‌కే బీపీ పెరిగేవాళ్లూ ఉన్నారు. పాత ఆపరేషన్లు, మందులు మాత్రం దాచొద్దు. ఇప్పుడు దాచింది పదేళ్ల తర్వాత బయటపడితే ఉద్యోగంతో పాటు లైసెన్స్ కూడా పోతుంది. 40 ఏళ్లలోపు వాళ్లకు ఈ సర్టిఫికెట్ ఏడాది చెల్లుతుంది. అంటే ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఏటా ఈ పరీక్ష చేయించుకుంటూనే ఉండాలి.

3. క్లాస్ 1 కోసం ఎదురుచూస్తూ పుస్తకాలు పట్టండి

డీజీసీఏ పరీక్షల పోర్టల్‌లో కంప్యూటర్ నంబర్ తీసుకోవాలి. అది లేకపోతే ఏ పేపరూ రాయనివ్వరు. ఇందాక చెప్పిన బోర్డు వెరిఫికేషన్ ఇక్కడే కావాలి.

పేపర్లు ఇవి: ఎయిర్ నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, ఇవి కాక మీరు నేర్చుకునే విమానం మీద టెక్నికల్ స్పెసిఫిక్. ప్రతిదాంట్లో 70 శాతం రావాలి. నెగెటివ్ మార్కులు లేవు. రెగ్యులేషన్స్ బట్టీ పడితే వస్తుంది. మెటియరాలజీ మన రుతుపవనాలు, మేఘాలు, పొగమంచు గురించి కాబట్టి ఆసక్తిగానే ఉంటుంది. నావిగేషన్ దగ్గరే చాలామంది రెండు మూడుసార్లు తప్పుతారు.

ఆ లెక్కలు ఎలా ఉంటాయో ఒకటి చూడండి. మీరు వెళ్లాల్సిన ఊరు 60 నాటికల్ మైళ్ల దూరం. 30 మైళ్లు వెళ్లాక కిందికి చూస్తే రైల్వే జంక్షన్ ఉండాల్సిన చోట లేదు. దారికి 2 మైళ్లు ఎడమకి వచ్చేశారని తేలింది. పైలట్లు నోటితో చేసే లెక్క ఒకటుంది: 60 మైళ్లకు ఒక మైలు పక్కకి పోతే ఒక డిగ్రీ తప్పినట్టు. 30 మైళ్లకే 2 మైళ్లు పోయింది కాబట్టి 60కి 4, అంటే 4 డిగ్రీలు. ఆ 4 డిగ్రీలు కుడికి తిప్పితే అసలు దారికి సమాంతరంగా వెళ్తారు తప్ప ఊరు చేరరు. మిగిలిన 30 మైళ్లలో ఆ 2 మైళ్లు కూడా పూడ్చాలి కాబట్టి ఇంకో 4. మొత్తం 8 డిగ్రీలు కుడికి. ఇది చదివి హాయిగా అనిపిస్తే నావిగేషన్ మీకు భయం లేదు. విసుగనిపిస్తే కోచింగ్ తీసుకోండి, అందులో సిగ్గేం లేదు.

ఇక్కడ నా మొదటి తప్పు చెబుతాను. ఎగరడం మొదలుపెట్టాక చదువుకోవచ్చులే అనుకున్నాను. పొద్దున్నే నాలుగింటికి లేచి ఎయిర్‌ఫీల్డ్‌కి వెళ్లి, మధ్యాహ్నం ఎండలో వెనక్కొచ్చి పుస్తకం తీస్తే అక్షరాలు అలికినట్టు ఉండేవి. నావిగేషన్ మూడోసారికి పాసయ్యాను. ఈలోగా 200 గంటలూ అయిపోయాయి. అసలు దెబ్బ అక్కడే తగిలింది. ఎందుకంటే సీపీఎల్‌కి అప్లై చేసే రోజుకి, కమాండ్‌లో, అంటే విమానం బాధ్యత మీదిగా ఎగిరిన గంటల్లో 15 గంటలైనా గడిచిన ఆరు నెలల్లోపువై ఉండాలి. రాత్రిపూట చేసిన టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లకు, విమానం నడిపి చూపించే స్కిల్ టెస్టులకు కూడా ఇదే ఆరు నెలల గడువు. పేపర్ మిగిలిపోతే గడువు దాటుతుంది, గంటలు మళ్లీ కొనుక్కోవాలి. ఒక్క పేపర్ ఆలస్యానికి నాకు పట్టిన ఖర్చుతో అప్పట్లో మంచి బండి వచ్చేది. అందుకే కనీసం మూడు పేపర్లు, వీలైతే నాలుగూ పాసయ్యాకే విమానం ఎక్కండి.

ఆర్‌టీఆర్ అని ఇంకో పరీక్ష ఉంది, రేడియోలో మాట్లాడే లైసెన్స్‌కి. ఇంతకాలం టెలికాం శాఖ నిర్వహించేది. భారతీయ వాయుయాన్ అధినియం, 2024 అనే చట్టం వచ్చాక ఆ అధికారం డీజీసీఏకి మారింది. రాత పరీక్ష కంటే మాట పరీక్షకే అందరూ భయపడతారు. ఒక రూట్ ఇచ్చి, మీరు ఆ విమానంలో ఉన్నట్టు ఎగ్జామినర్‌తో మాట్లాడమంటారు. మధ్యలో ఇంజిన్ ఆగిందంటారు, ఏం చెబుతారో చూస్తారు. ఇక్కడ ఇంగ్లిష్ మీడియం యాస అక్కర్లేదు. తక్కువ మాటలు, స్పష్టంగా, చెప్పింది చెప్పినట్టు తిరిగి అప్పజెప్పడం రావాలి. రేడియోలో మూడుని "ట్రీ" అని, ఐదుని "ఫైఫ్" అని, తొమ్మిదిని "నైనర్" అని పలుకుతారు, గరగరలో ఒకదానికొకటి కలిసిపోకుండా. తెలుగు మీడియంలో చదివినవాళ్లు రోజూ అరగంట గట్టిగా బయటికి చదువుతూ ప్రాక్టీస్ చేస్తే రెండు నెలల్లో నోరు తిరుగుతుంది. అద్దం ముందు ఒక్కడినే "రోజర్, విల్కో" అంటుంటే మా అమ్మ తలుపు సందులోంచి తొంగి చూసి వెళ్లేది.

4. అకాడమీ ఎంచుకోవడం

ఇక్కడ నిదానంగా ఉండండి. డబ్బంతా పోయేదీ, మిగిలేదీ ఇక్కడే.

ప్రభుత్వం నడిపే వాటిలో ముందుగా చెప్పుకోవాల్సింది ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ. 1985లో పెట్టారు. ఎంట్రన్స్ పరీక్ష, ఆ తర్వాత వడపోత ఉంటాయి. ఇంటర్ మ్యాథ్స్, ఫిజిక్స్, ఇంగ్లిష్, రీజనింగ్ మీద పట్టున్నవాళ్లకు అందుతుంది. మహారాష్ట్రలో గోందియాలో ఇంకో పెద్ద సంస్థ ఉంది. హైదరాబాద్ బేగంపేటలో కూడా ట్రైనింగ్ జరుగుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో, ఎనిమిది ఎయిర్‌లైన్స్ ఆడవాళ్లని కాదన్నాక, మన దేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కి ఉద్యోగమిచ్చింది హైదరాబాద్‌కి చెందిన దక్కన్ ఎయిర్‌వేస్. ఇవాళ మన దేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం మహిళలే, ప్రపంచ సగటుకి రెండింతలకు పైగా. "ఆడపిల్లకెందుకు" అనే బంధువులు ఎదురైతే ఈ ముక్క చెప్పండి.

అకాడమీ బ్రోచర్‌లో రన్‌వే మీద సూర్యాస్తమయం ఫొటో ఉంటుంది, "12 నెలల్లో సీపీఎల్" అని ఉంటుంది. ఆ ఫొటో చూడకండి, లెక్క వేయండి. వాళ్ల దగ్గర విమానాలెన్ని అని కాదు, ఈ రోజు ఎగిరే స్థితిలో ఉన్నవెన్ని అని అడగండి. ఒక విమానం నెలకు 70 గంటలు ఎగురుతుందనుకుందాం. దానిమీద పదిమంది స్టూడెంట్లుంటే మీ వాటా ఏడు గంటలు. 200 గంటలకు 28 నెలలు దాటుతుంది. వానాకాలంలో మేఘాలు కిందికి దిగితే అసలు ఎగరరు. ఉత్తరాదిలో డిసెంబర్, జనవరి నెలల్లో పొగమంచు మధ్యాహ్నం దాకా విడవదు. కాబట్టి ఎంత బాగా నడిచే చోటైనా ఏడాదిన్నర నుంచి రెండేళ్లు లెక్కలో పెట్టుకోండి.

నేను చేరిన చోట కాగితం మీద నాలుగు విమానాలు. వెళ్లి చూస్తే ఒకటి ఇంజిన్ కోసం, ఇంకోటి ప్రొపెల్లర్ కోసం హ్యాంగర్‌లో దుమ్ము పట్టి ఉన్నాయి. ఉన్న ఇన్‌స్ట్రక్టర్లలో ఒకాయన ఎయిర్‌లైన్‌కి వెళ్లిపోయారు. ఒక దశలో మూడు నెలలకు నేను ఎగిరింది 11 గంటలు. ఫీజు మాత్రం మొదటి రోజే మొత్తం కట్టేశాం, "డిస్కౌంట్ ఇస్తాం" అన్నారని. అప్పటికే కట్టేసిన కస్టమర్‌ని ఎవరు పట్టించుకుంటారు?

మీరు ఇలా చేయండి. చేరకముందు అక్కడికి వెళ్లి రెండు రోజులు ఉండండి. ఆఫీసులో కాదు, బయట టీ కొట్టు దగ్గర సీనియర్లతో మాట్లాడండి. పోయిన నెల ఎన్ని గంటలు ఎగిరావ్ అని ఒక్కటే అడగండి, లాగ్‌బుక్ చూపించమనండి. ఫ్లయింగ్ బోర్డు మీద ఆ రోజు ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టండి. డీజీసీఏ 2025 నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు ఇస్తోంది, అదీ చూడండి. ఫీజు విడతల్లో, ఎగిరిన గంటలను బట్టి కట్టేలా రాయించుకోండి. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద ఉండాలి. హాస్టల్, ల్యాండింగ్ చార్జీలు, టెస్టుల ఫీజు, 200 దాటిన గంటల ధర, ఇవన్నీ అందులో ఉన్నాయా, విడిగానా అని లైన్ లైన్‌కీ అడగండి. విసుక్కుంటే ఇంకో చోట చూసుకోండి.

విదేశాల సంగతి: అమెరికా, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ లాంటి చోట్ల వాతావరణం, విమానాల సంఖ్య బాగుంటాయి కాబట్టి గంటలు త్వరగా పూర్తవుతాయి. కానీ తిరిగొచ్చాక ఆ లైసెన్స్‌ని ఇక్కడిదిగా మార్చుకోవాలి. డీజీసీఏ పరీక్షలు ఎలాగూ తప్పవు. అక్కడికి వెళ్లేముందే ఇక్కడి పేపర్లు, క్లాస్ 1 పూర్తి చేసుకున్నవాళ్లు సుఖపడతారు.

5. డబ్బు

మన దేశంలో సీపీఎల్‌కి ఇప్పుడు మామూలుగా 45 లక్షల నుంచి 70 లక్షల దాకా అవుతోంది. ఆ తర్వాత టైప్ రేటింగ్, అంటే ఫలానా రకం విమానం నడిపే అర్హత, సొంతంగా చేస్తే ఇంకో 15 నుంచి 25 లక్షలు. ఎయిర్‌లైన్సే ట్రైనింగ్ ఇప్పించే క్యాడెట్ ప్రోగ్రాముల్లో అన్నీ కలిపి కోటి దాటుతుంది. బ్యాంకులు ఎడ్యుకేషన్ లోన్ ఇస్తాయి, కానీ ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. తాకట్టు పెట్టేది ఉన్న ఒక్క ఇల్లయితే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. లైసెన్స్ రాగానే ఉద్యోగం వస్తుందన్న లెక్కతో కాకుండా, రెండేళ్లు రాకపోతే వాయిదా ఎవరు కడతారు అన్న లెక్కతో మాట్లాడుకోండి. అమ్మాల్సిన పొలం ఎలాగూ అమ్మాల్సిందే అనుకుంటే, ఒకేసారి మొత్తం అమ్మి అకాడమీ ఖాతాలో పోయకండి.

6. ఎగరడం

మొదటి నెల మీకు దొరికేది గాల్లో ఆనందం కాదు, తెల్లవారుజామున తడి గడ్డి మీద నడక. సెస్నా 172 రెక్క కింద వంగి, చిన్న గాజు గొట్టంలోకి ట్యాంకు అడుగు నుంచి కాస్త పెట్రోల్ వంపుతారు. దాన్ని ఆకాశం కేసి ఎత్తి చూడాలి. ఆవ్‌గ్యాస్ లేత నీలం రంగులో ఉంటుంది. నీళ్లు కలిస్తే బరువుకి అడుగున బుడగలా నిలుస్తాయి. రాత్రి మంచుకి ట్యాంకులో నీరు చేరిందో లేదో ఇలాగే తెలుస్తుంది. ఆ నీరు ఇంజిన్‌లోకి వెళ్తే టేకాఫ్‌లో ఆగిపోతుంది. ఈ చిన్న పని ఎవరూ చూడనప్పుడు కూడా చేస్తున్నారా లేదా అని ఇన్‌స్ట్రక్టర్ దూరం నుంచి గమనిస్తుంటాడు. అసలు పరీక్ష అదే అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తర్వాత కొన్ని వారాలు సర్క్యూట్లు. లేవడం, తిరగడం, దిగడం, మళ్లీ లేవడం. ల్యాండింగ్ ఎప్పటికీ రాదేమో అనిపిస్తుంది. అందరికీ అలాగే అనిపిస్తుంది. ఒకరోజు నాలుగు ల్యాండింగ్‌లు అయ్యాక ఇన్‌స్ట్రక్టర్ పక్క తలుపు తీసి, బెల్టు మళ్లీ సీటుకి బిగించి, "ఒక్క సర్క్యూట్, అంతే" అని దిగిపోతారు. అదే ఫస్ట్ సోలో. పక్కన 80 కిలోల మనిషి లేకపోయేసరికి విమానం అనుకున్నదానికంటే ముందే నేలను వదిలేస్తుంది. నేను ఖాళీ సీటు వైపు చూసి, మళ్లీ అటు చూడకూడదనుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాను. దిగాక మావాళ్లు బకెట్ నీళ్లు పోశారు.

అక్కడి నుంచి గంటల లెక్క. మొత్తం 200లో 100 గంటలు మీరే కమాండ్‌లో ఉండాలి. 20 గంటలు క్రాస్ కంట్రీ, అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎగరడం, అందులో ఒకటి 300 నాటికల్ మైళ్లకు తగ్గకుండా, వేర్వేరు రెండు ఎయిర్‌ఫీల్డ్‌లలో దిగి ఆగేలా. 10 గంటలు ఇన్‌స్ట్రుమెంట్, అంటే బయటికి చూడకుండా మీటర్లు చూసి ఎగరడం, అందులో సిమ్యులేటర్ 5కి మించకూడదు. రాత్రిపూట 5 గంటలు, 10 టేకాఫ్‌లు, 10 ల్యాండింగ్‌లు. వీటితోపాటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, రెండు ఇంజిన్ల విమానం మీద మల్టీ ఇంజిన్ రేటింగ్ కూడా చేసేయండి. రూల్ ప్రకారం సీపీఎల్‌కి ఆ రెండూ తప్పనిసరి కాకపోయినా, అవి లేకుండా ఎయిర్‌లైన్ వైపు చూడనక్కర్లేదు.

ఎండాకాలం ఒక పాఠం నేర్పుతుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 1,700 అడుగులకు పైనే ఉంది. మే నెల మధ్యాహ్నం గాలి వేడెక్కి పలచబడితే, ఇంజిన్ శక్తీ రెక్కల పట్టూ రెండూ తగ్గుతాయి. పొద్దున్న చకచకా ఎక్కిన విమానమే మధ్యాహ్నం చెట్ల మీదుగా ఈడ్చుకుంటూ వెళ్తుంది. పుస్తకంలో ఉన్న టేకాఫ్ దూరం పట్టిక ఎందుకు చదవాలో ఆ రోజు అర్థమవుతుంది.

లాగ్‌బుక్ గురించి ఒక్క మాట. ఎగరని గంటలు రాయడానికి "సర్దేద్దాం" అనేవాళ్లు ఎక్కడైనా తగులుతారు. 2011లో నకిలీ మార్కుల షీట్లతో, ఎగరని గంటలతో లైసెన్సులు తెచ్చుకున్నవాళ్లను పోలీసులు అరెస్టు చేశారు. ఇప్పుడు ఇంజిన్ మీటర్, ఇంధనం లెక్క, కంట్రోల్ టవర్ రికార్డులు కలిపి చూస్తే పది నిమిషాల్లో దొరికిపోతారు. దొరకరనుకున్నా, ఎగరని ఆ గంటలు ఏదో ఒక గాలివానలో అవసరమవుతాయి, అప్పుడు మీ దగ్గర ఉండవు.

7. లైసెన్స్ వచ్చాక

స్కిల్ టెస్టులు అయ్యాక డీజీసీఏ వాళ్ల ఈజీసీఏ పోర్టల్‌లో అప్లై చేస్తే సీపీఎల్ వస్తుంది. జేఆర్‌డీ టాటా 1929లో మన దేశంలో మొదటి పైలట్ లైసెన్స్ తీసుకున్నారు, దాని నంబర్ 1. మీ నంబర్‌లో అంకెలు కాస్త ఎక్కువుంటాయి. 2023 ఒక్క ఏడాదిలోనే డీజీసీఏ 1,622 సీపీఎల్‌లు ఇచ్చింది. పోటీ ఎంతో అర్థం చేసుకోండి.

అమెరికాలో ఎయిర్‌లైన్‌లో చేరాలంటే మామూలుగా 1,500 గంటలు కావాలి. మన దగ్గర 200 గంటలతోనే ట్రైనీ ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో పైలట్‌గా తీసుకుంటారు. రాత పరీక్ష, సైకోమెట్రిక్, సిమ్యులేటర్ చెక్, ఇంటర్వ్యూ ఉంటాయి. చేరాక ఏ320, 737, ఏటీఆర్ లాంటి ఫలానా విమానం మీద టైప్ రేటింగ్. మీరే ముందుగా సొంత డబ్బుతో టైప్ రేటింగ్ చేయాలా? ఫలానా ఎయిర్‌లైన్ ఇప్పుడు ఆ విమానానికి మనుషుల్ని తీసుకుంటోందని నోటిఫికేషన్ కళ్లారా చూస్తే తప్ప వద్దంటాను. ఖాళీలు మారిపోతాయి, అప్పు మాత్రం మారదు. కెప్టెన్ అవ్వడానికి కావాల్సిన పై లైసెన్స్ ఏటీపీఎల్‌కి 21 ఏళ్ల వయసు, 1,500 గంటలు ఉండాలి. అది ఉద్యోగంలో ఉండగా వస్తుంది.

ఈ రంగం ఎప్పుడు ఉప్పొంగుతుందో, ఎప్పుడు ఎండుతుందో చెప్పలేం. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లిచ్చాయి. అదే ఏడాది మేలో గో ఫస్ట్ ఆగిపోయింది. అంతకుముందు 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్. అలాంటి సంవత్సరంలో లైసెన్స్ చేతికొచ్చిన బ్యాచ్‌కి తెలివి తక్కువై ఉద్యోగం రాలేదు, టైమ్ బాగోలేదంతే. అందుకే ట్రైనింగ్‌తో పాటే దూరవిద్యలో ఒక డిగ్రీ కూడా చేయండి. ఖాళీగా ఉండాల్సి వస్తే ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేసి ఏదైనా ఫ్లయింగ్ స్కూల్లో చేరొచ్చు. జీతం తక్కువే, కానీ వాళ్ల పెట్రోల్‌తో మీ గంటలు పెరుగుతాయి. నేర్పేటప్పుడు మనకు రానివి కూడా బయటపడతాయి.

ఆ ఎదురుచూపులో మూడు తేదీలు ఫోన్‌లో అలారం పెట్టుకోండి: క్లాస్ 1 మెడికల్ గడువు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ రెన్యువల్, పాస్‌పోర్ట్ గడువు. ఎయిర్‌లైన్ నుంచి మెయిల్ వచ్చేది శుక్రవారం సాయంత్రం, వాళ్లు కాగితాలు అడిగేది సోమవారం పొద్దున. మా బ్యాచ్‌లో ఒకడికి రాత పరీక్షకి పిలుపొచ్చిన రోజుకి మెడికల్ గడువు దాటి తొమ్మిది రోజులైంది. మళ్లీ పిలుపు రావడానికి వాడికి పద్నాలుగు నెలలు పట్టింది.